ముందుగాల నవ్విన కండక్టరమ్మ

పై రూముకు ఏలాడుతున్న టూలెట్ బోర్డు నిన్న తీసేసిండ్రు. బ్యాంకు కోచింగు పిల్లలెవరో దిగుతున్నరట. మెట్ల మీదికెల్లి పరుపులు మోసుకపోతుంటె నేను గడపల కూసోని చూసిన. అండ్ల ఒక పిలగాడు ఫోన్ల ఏదో చదువుకుంట తనలో తనే నవ్విండు. గంతే. నాకు కడుపుల సర్రున మండింది. ఆ రూముల ఉండే మనిషి పోయి ఇన్ని నెలలైంది, గీ మంట మాత్రం పోలే. అందుకే చెప్తున్న. రాసేది మా మనుమరాలు. నాకు నా సంతకం ఒస్తది, బస్సు మీద నంబరు ఒస్తది, గంతకు మించి రాదు. చెప్పింది చెప్పినట్ల రాయాలె, నువ్వు సక్కగ చెయ్యొద్దు అన్న. సరే అన్నది.

పై రూముల ఉండేటామె సిటీ బస్సుల కండక్టరు చేసి రిటైరైంది. పేరు ఉండె, కని ఎవ్వరు పిలువలే. బిల్డింగు మొత్తానికి కండక్టరమ్మ. ఆంధ్ర సైడు మనిషి. చిన్నప్పుడే అమ్మానాయిన ఎంబడి మూసారాంబాగ్‌కు ఒచ్చిందట, ఈడనే పెరిగిందట, కని మాట మాత్రం ఆడిదే. అండి అనకుంటె ఆమె నోరు మూతపడకపోయేది. కూరగాయల బండాయనకు అండి. మెట్ల మీద పండుకున్న కుక్కకు గూడ అండి. "కాస్త పక్కకి జరగండి" అనేది కుక్కతోని, అది జరిగేది.

నన్ను వదినగారూ అనేది. మా ఆయన ఆమెకు అన్న ఎప్పుడైండో నాకు తెల్వదు, ఆమె ఒచ్చేటాలకు ఆయన పోయి ఏండ్లయింది. అయినా వదినగారూ అన్నది అంటే కాదనెటట్టు ఉండకపోయేది.

ఆమె కూసోకపోయేది. గిది ముందుగాల చెప్పాలె. ఇంట్ల మంచి కుర్చీ ఉండె, మేం పోతె మమ్ముల్ని కూసోబెట్టేది, తను మాత్రం పిట్టగోడకు నడుము ఆనించి, కాళ్లు జర ఎడంగ పెట్టి నిలబడేది. బస్సు మలుపు తిరుగుతున్నట్టు అప్పుడప్పుడు జర ఊగేది. కూసో కండక్టరమ్మా అంటె, సీటు ఖాళీగా ఉన్నా మేం కూర్చోకూడదండి అనేది. భుజానికి పాత టికెట్ల సంచి ఏలాడుతుండేది. అండ్ల ఇప్పుడు కండ్లద్దాలు, పిప్పరమెంట్లు, పేజీలు తిప్పనీకి బొటనవేలికి తొడిగే రబ్బరు తొడుగు.

ఇగ నా సంగతి. నా కొడుకు క్యాబ్ నడుపుతడు. కోడలు దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణంల చేస్తది. బడికెల్లి ఒచ్చిన పిల్ల, వాళ్లమ్మ ఇంటికి ఒచ్చేదాక నాది. అన్నం పెట్టేది నేను, జడ ఏసేది నేను. నాదే అనుకున్న. నేను మా ఊరి ముచ్చట్లు చెప్తె పిల్ల ఫోను చూసుకుంట ఊ కొట్టేది. ఒకనాడు సగంల ఆపి చూసిన. నేను ఆపినట్టు గూడ దానికి తెల్వలే, ఊ అన్నది.

గట్ల ఉండంగ ఒకనాడు బడి బ్యాగు ఇంట్ల పడేసి పిల్ల మాయమైంది. పైకెల్లి నవ్వు ఇనబడ్డది. ఆడమనిషి నవ్వు, గట్టిగ, ఆపుకోలేనిది. మోకాళ్ల నొప్పులతోని మెట్లెక్కి పోయిన. చూస్తె కండక్టరమ్మ చేతిల బుక్కు చూసుకుంట నవ్వుతున్నది. మా పిల్ల బుక్కు దిక్కు చూస్తలేదు. కండక్టరమ్మ మొకం దిక్కు చూస్తున్నది. నోరు తెరుసుకోని, రెప్ప కొట్టకుంట, పొయ్యి మీద పాలు పొంగుతయా అని చూసినట్టు చూస్తున్నది. పుట్టినకాన్నుంచి పెంచిన, నా మొకం దిక్కు గట్ల ఒక్కనాడు చూడలే.

హోంవర్కు చెయ్యవానే అన్న. కండక్టరమ్మ బుక్కుల వేలు పెట్టి, "ఆగండి వదినగారూ, మధ్యలో దిగితే దెబ్బలు తగుల్తాయి" అన్నది. నాకు కుర్చీ జరిపింది. మోకాలు గుంజుతున్నది, పిల్ల లేసేదాక కూసుంట అనుకున్న. గట్ల కూసున్న మనిషిని పొద్దుగూకినంక లేసిన.

అది ఇంగ్లీషు బుక్కు. మెట్రో కింద ఫుట్‌పాతు మీద పాత బుక్కులు కుప్ప పోసి అమ్ముతరు గద, ఆడ తెచ్చింది. అట్ట మీద బొమ్మ ఉండె. పెద్ద గాలి బుగ్గ, బెలూను లెక్క, దాని కింద ఇత్తడి పడవ ఏలాడుతుంటది, పడవ అంచు మీద ఇద్దరు ఆడపిల్లలు కాళ్లు ఊపుకుంట కూసుంటరు, కింద మబ్బులు. కండక్టరమ్మ ఒక పేజీ మనసుల చదువుకునేది, బుక్కు గుండెలకు ఆనించుకోని తెలుగుల చెప్పేది, మల్ల పేజీ తిప్పేది. చదివేటప్పుడు నవ్వొస్తె ఆమె ఒక్కతే నవ్వేది. మేం ఆమె మొకం చూసుకుంట కూసునేటోళ్లం. ఆమె కండ్లు మాకంటె ముందు పోయి, ఆడ ఏం జరిగిందో చూసి ఒచ్చేటియి. గా నవ్వు మీదనే నాకు కుళ్లు. చెప్పే ముందట నవ్వే నవ్వు. లోకంల దేనికి గట్ల కుళ్లుకోలే నేను, పక్కింటోళ్ల బంగారానికి గూడ.

కథ మాత్రం బాగుంటది, గది కాదనను. గా దేశంల కరెంటు లేదు. అన్ని ఆవిరితోనే నడుస్తయి. బండ్లు, గడియారాలు, తలుపులు, ఆఖరుకు పెద్ద దొర నెత్తి మీద టోపి గూడ. దొరకు కోపమొస్తె టోపికున్న గొట్టంల నుంచి ఆవిరి బుస్సుమంటది, అందుకని దొర కోపం దాచుకోలేడు. చాయ్ పోసే ఇత్తడి చెయ్యి ఒకటి ఉంటది, అది ఒచ్చిన సుట్టాల ఒడిలనే పోస్తది. ఇత్తడి చిలుక ఒకటి, చెవి తిప్పితె టైము చెప్తది, ఎప్పుడు తప్పే చెప్తది, తప్పన్నోళ్లను ముక్కుతోని పొడుస్తది.

ఇద్దరు పిల్లల పేర్లు నా నాలికకు తిరగలే. నేను పెట్టిన పేర్లే మా ముగ్గురికి అలవాటైనయి. ఒకతి అద్దాలది. కండ్లకు మోటరుసైకిలోళ్ల లెక్క పెద్ద అద్దాలు, చేతిల పానా. విప్పని మిషిను లేదు, మల్ల పెట్టినంక ఒక బోల్టు మిగలకుంట ఉండదు. ఇంకొకతి జడలది. దాని తాన అబద్ధం తప్ప వేరే పనిముట్టు లేదు, కని గా అబద్ధంతోని ఏ తాళమైనా తీస్తది. వాళ్ల మేనత్తను దొర ఎత్తుకపోయి కోటల పెట్టిండు. వాళ్లు దొర ఆవిరి ఓడనే దొంగిలించి, గాలిల నడుపుకుంట అత్తను ఇడిపించనీకి పోతుంటరు. సచ్చిపోతమన్న భయమే లేదు వాళ్లకు. కింద పడుతున్నప్పుడు గూడ, తప్పు నీదంటె నీదని కొట్లాడుకుంటరు.

కండక్టరమ్మ కానూన్లు కానూన్లే. పాఠం అయిపోంగనే పిట్టగోడ మీద రూపాయి బిళ్లతోని టక్కుటక్కుమని కొట్టి, స్టేజీ వచ్చింది, దిగండి అనేది. ఎంత బతిమిలాడినా ఇంకో పేజీ చదవకపోయేది. పాత టికెట్టు మడిచి గుర్తు పెట్టుకునేది. ఆలస్యంగ ఒచ్చినోళ్లకు ఎనుకటి కథ మల్ల చెప్పకపోయేది. పక్క ప్యాసింజరుని అడగండి అనేది. నేను మెట్లెక్కేటాలకు ఎప్పుడు ఆలస్యమే. అప్పుడు మా పిల్ల నాకు చెప్పేది. జల్ది జల్ది, సగం మింగేసి, కండ్లు మాత్రం ఆమె మొకం మీదనే పెట్టి.

నేను ఊకె కూసునేదాన్ని కాదు. చింతపండు గింజ తీసేది, ఎల్లిపాయ పొట్టు ఒలిచేది. కథకు రాలే, పనికి ఒచ్చిన అన్నట్టు.

పిల్లను నా దిక్కు తిప్పుకుందామని ఒకనాడు మొక్కజొన్న కంకులు ఉడకబెట్టిన. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు కాడ ఏండ్ల కొద్ది కంకులు, పల్లికాయ ఉడకబెట్టి అమ్మిన చేతులివి. కంకి వాసనకు పిల్ల పైకెల్లి ఉరికొచ్చింది. నాకు పానం నిమ్మలమైంది. రెండు తీసుకున్నది. ఒకటి కండక్టరమ్మమ్మకు అన్నది. అమ్మమ్మ అయిపోయిందన్నమాట. నేను గూడ గిన్నె పట్టుకోని పైకే ఎక్కిన, ఏం చేస్త. ఆడ పిల్ల ఆగలేక మూత ఎత్తబోతుంటె చెయ్యి పట్టుకున్న. బండి కాడ కాలేజి పిల్లలకు చెప్పేటి మాటే నోట్లకు ఒచ్చింది. "మొకం పక్కకు పెట్టు బిడ్డా. ఆవిరికి అందచందాలు తెల్వయి" అన్న. కండక్టరమ్మ నవ్వింది. నవ్వి, నా దిక్కు చానాసేపు చూసింది. కంకి సల్లారింది, ఆమె తినుడు మర్సిపోయింది.

తర్వాత కొన్ని రోజులకు కథల కొత్త మనిషి ఒచ్చింది. ఓడ అడుగున బాయిలరు కాడ బొగ్గులేసే ముసల్ది. ఇన్నొద్దులు ఆడనే ఉన్నదట, ఎవ్వరు చూడలేదట. దొర సిపాయిలు ఎంబడిపడితె పిల్లలిద్దరు ఆడికి ఉరికొస్తరు. ముసల్ది వాళ్లను బొగ్గుల కుప్పల దాస్తది. సిపాయిలను, బూట్లు ఇడిసి రాండ్రి, ఇప్పుడే ఊడ్చిన అంటది. వాళ్లు ఇడుస్తరు. ఇడిసిన బూట్లు బాయిలర్ల ఏస్తది, ఓడ ఇంకింత పైకి పోతది. పిల్లలు అత్తను కాపాడనీకి పోతమంటె చెయ్యి పట్టి గుంజి కూసోబెడ్తది. లోకం తర్వాత కాపాడుదురు గని, ముందు నాలుగు ముద్దలు తినుండ్రి అంటది. మా పిల్ల పడి పడి నవ్వేది. నేను గూడ నవ్విన, ఒలిచిన ఎల్లిపాయ కింద పడేసుకున్న.

కని ఒక సంగతి నాకు పట్టింది. ముసల్దాని మాట ఒచ్చేసరికి కండక్టరమ్మ అండి బందైపోయేది. అచ్చం మా నల్గొండ మాట. దొరలకేమో గారు, అండి. గీ ముసల్దానికి మా మాట. గా దేశం ఓడల మా నల్గొండది ఎట్ల ఎక్కింది అని అడిగిన. ఆమె తడుముకోలే. బొగ్గు దగ్గర పనిచేసేవాళ్ల మాట ఇంగ్లీషులో కూడా వేరేగానే రాస్తారు వదినగారూ, దాన్ని నేను ఇంకెలా చెప్పను అన్నది. గదీ నిజమే గద అనుకున్న.

ఒకనాడు పిల్లలిద్దరు బాయిలరు మూత తీయబోయిండ్రు. ముసల్ది చెయ్యి పట్టుకున్నది. మొకం పక్కకు పెట్టుండ్రి, ఆవిరికి అందచందాలు తెల్వయి అన్నది.

నా చేతిల చాకు ఆగింది. గది నా మాట. గీ మాట బుక్కుల ఉన్నదా, నిజం చెప్పు అన్న. కండక్టరమ్మ బుక్కు తిప్పి నా ముందర పెట్టింది. రబ్బరు తొడుగేసిన వేలు ఒక లైను కింద పెట్టింది. పక్కన చాయ్ మరక ఉండె, గుండ్రంగ.

"ఇదిగోండి. మీరే చూసుకోండి" అన్నది.

చూసిన. నల్లగ చీమలు పోతున్నయి. ఆమె వేలు దాని మీద గట్టిగనే ఉన్నది. ఏడనో దేశంల దొరసాని ఎవరో కూసోని నా మాటే రాసింది గావచ్చు, ఆవిరి ఏడనైనా ఆవిరే గద అనుకున్న. సంబురమైంది. అండ్లనే మంట గూడ. నేను బండి కాడ జిందగి అంత చెప్పిన మాట, బుక్కులకు ఎక్కినంక మా పిల్ల చప్పట్లు కొట్టబట్టె. నేను అంటె మాత్రం చెయ్యి గుంజుకున్నది.

ఆనాడే పిల్ల గీ మాట గూడ అన్నది. మోకాళ్లు కడుపులకు ముడుసుకోని, గాలిల చూసుకుంట, "గసొంటి నానమ్మ ఉంటే ఎంత బాగుండు" అన్నది. నా పక్కన కూసోని. నా కొంగు మీద కూసోని.

నేను ఎల్లిపాయ గిన్నె తీసుకోని లేసిన. కండక్టరమ్మ బుక్కు మొకానికి అడ్డం పెట్టుకున్నది, భుజాలు అదురుతున్నయి. నన్ను చూసి నవ్వుతున్నదనుకున్న. రెండు దినాలు పైకి పోలే. మూడో దినం పోయిన. ముసల్ది ఏమైందో తెల్వకుంట ఎట్ల ఉంటరు.

వానకాలంల ఆమెకు గుండె మీదికి ఒచ్చింది. ఎల్‌బీ నగర్ దిక్కు దవాఖానల ఏసిండ్రు. పిల్లను లోపటికి రానియ్యలే, నేను ఒక్కదాన్నే పోయిన. పండుకోని ఉన్నది. ఆమెను గట్ల చూసుడు నాకు అదే మొదలు, అప్పటిదాక నిలబడంగనే చూసిన. ఎట్లున్నవ్ అని అడిగిన. వదినగారూ, ముసలావిడ ఓడలోనే ఉండిపోయిందండి, దించలేదు అన్నది. పానం బాగలేక ఏదో అంటున్నదనుకున్న. నువ్వు లేసినంక దించుదువు తీ అన్న. ఆమె లేవలే.

మా ఆయన పోయిననాడు గీ పిల్ల చిన్నది, ఎవరో లడ్డు ఇస్తె తినుకుంట కూసున్నది. కండక్టరమ్మ పోయిననాడు అన్నం ముట్టలే. నేను పోతె గూడ గిట్లనే ఏడుస్తవా అని అడిగిన. గిప్పుడెందుకు నానమ్మా గా ముచ్చట అన్నది. గీ మాట రాయనంటున్నది ఇప్పుడు. రాయి అన్న.

ఆమె తమ్ముడు ఒచ్చి రూము ఖాళీ చేసిండు. బుక్కు తెచ్చి పిల్ల చేతిల పెట్టి, అక్క ఇమ్మంది అన్నడు. పాత టికెట్టు అండ్లనే ఉండె, ఆమె ఆపిన జాగల.

పిల్ల దాన్ని ముట్టలేదు కొన్నొద్దులు. తర్వాత ఒకనాడు నేను బియ్యం ఏరుతుంటె మూలకు కూసోని తెరిచింది. మొదటికెల్లి మొదలుపెట్టింది. మనసుల చదువుకునుడే. జరసేపటికి కిసుక్కున నవ్వింది. ఒక్కతే. ఇగ ఇంట్లనే ముందుగాల నవ్వేటోళ్లు తయారైండ్రు. నేను బియ్యం పక్కన పెట్టిన. చదివితె బయటికి చదువు, లేకుంటె బుక్కు మూసెయ్ అన్న.

గట్ల పిల్ల నాకు చెప్పుడు మొదలుపెట్టింది. ఆగి ఆగి చెప్తది, కండక్టరమ్మ లెక్క కాదు. దొర టోపి ఉన్నది, చాయ్ చెయ్యి ఉన్నది, చిలుక ఉన్నది. సిపాయిలు ఎంబడిపడ్డరు, పిల్లలు ఓడ అడుగుకు ఉరికిండ్రు. నేను ముందటికి జరిగి కూసున్న. పిల్ల చదువుతున్నది, ఆగింది, పేజీ ఎనుకకు తిప్పింది, ముందటికి తిప్పింది.

"నానమ్మా, ఈడ ఎవ్వరు లేరే" అన్నది.

సక్కగ చూడు అన్న. చూసింది. అడుగున బాయిలరు ఉన్నది, బొగ్గు ఉన్నది. మనిషి లేదు. పిల్లలు పెద్ద పీపల దాక్కున్నరు, సిపాయిలు వాళ్లంతల వాళ్లే పోయిండ్రు. చాయ్ మరక పేజీ తియ్యి అన్న. గుండ్రంగ ఉన్న మరక పక్కన నేనే వేలు పెట్టిన, నాకు గా జాగ మంచిగ యాది ఉండె. ఈడ ఏం రాసున్నదే అన్న. పిల్ల చదివింది. దొర మీసాలకు మైనం పెట్టే పనోడు జలుబు చేసి సెలవు పెట్టిండు, గది రాసున్నది ఆడ.

నాకు ఎల్లిపాయ గిన్నె యాదికొచ్చింది. బుక్కు ఎనుక భుజాలు అదిరినయి యాదికొచ్చింది. గసొంటి నానమ్మ ఉంటె బాగుండు అన్నది ఎవరి గురించి. నేను రెండు దినాలు పైకి పోకుంట కుళ్లుకున్నది ఎవరి మీద. పిల్ల గూడ నా దిక్కే చూస్తున్నది, దానికి గూడ అప్పుడే తెల్సినట్టున్నది.

కండక్టరమ్మ మీద కోపమొచ్చింది. నన్ను అడగకుంట నన్ను తీస్కపోయి గాలిల ఓడల పెట్టింది, నా చేతికి పార ఇచ్చింది, నా ముందర్నే నన్ను చెప్పి నన్నే నవ్వించింది. వేలు పెట్టి అబద్ధం ఆడింది, జడలదాని లెక్క. నాకు గట్ల చెయ్య ఒస్తదా. ఆమె పిట్టగోడకు ఆనుకోని నన్ను గంత చూసింది. నేను మాత్రం పిల్ల ఆమెను ఎట్ల చూస్తున్నదని చూసిన, ఆమెను చూడలే. గిప్పటికి గూడ గదే మంట. ఆమె నన్ను ఆమె కథల పెట్టింది గద, నేను గూడ ఆమెను నా మాటల పెడ్తున్న. రాయి బిడ్డా. నిలబడ్డట్టే రాయి, కూసోబెట్టకు. ఇగ బాకి లేదు.

మొన్న బుక్కు అయిపోయింది. అత్త దొరికింది. ఓడ నది ఒడ్డుకు దిగింది. ఊరోళ్లంత ఒచ్చిండ్రు. అద్దాలది దిగింది, జడలది దిగింది, అత్త దిగింది, టోపి పోయిన దొరను తాళ్లతోని కట్టి దించిండ్రు. చిలుక గూడ దిగి తప్పు టైము చెప్పింది. గంతే, అయిపోయింది అని పిల్ల బుక్కు మూసింది.

మూసి ఊకోలే. "ముసల్ది దిగలేదు గద నానమ్మా" అన్నది.

దవాఖానల మాట అప్పుడు నాకు సమజైంది. బియ్యం గిన్నె కింద పెట్టిన. మోకాళ్లు పట్టుకోని లేసిన. కూసోని చెప్పే ముచ్చట కాదు గది. గోడకు ఆనుకున్న, కాళ్లు జర ఎడంగ పెట్టుకున్న. మనసుల ఓడ అడుగుకు దిగిన. ముసల్ది ఆడనే ఉన్నది, మొకమంత మసి, ఊరోళ్లందరు పైన సంబురాలు చేసుకుంటుంటె తను బాయిలరు ఊడుస్తున్నది. పార ఆడ పెట్టి, కొంగు దులుపుకోని, మెట్లెక్కి పైకి ఒచ్చింది. ఊరోళ్లను చూసింది. అందరి కాళ్లకున్న బూట్లు చూసింది. గామె ఇప్పుడు ఏమంటదో నాకు ఎరుకైంది.

మాట బయటికి రాలే. నవ్వొచ్చింది. కడుపులకెల్లి, ఆపుకోలేనిది.

పిల్ల నా మొకం దిక్కు చూస్తున్నది. నోరు తెరుసుకోని, రెప్ప కొట్టకుంట. నేను నవ్వుతనే ఉన్న. గీ సుఖం కండక్టరమ్మకు రోజు దొరికింది, చూడు.

"ఏందే నానమ్మా, ఏమన్నది, చెప్పు" అన్నది.

జర ఆగు అన్న.